డిగ్రీ తర్వాత నర్సింగ్: చెల్లే కాగితం ఏది?



డిగ్రీ పూర్తయిన పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "మా అమ్మాయి బీకాం అయిపోయిందండీ, ఇప్పుడు నర్సింగ్‌లో చేరొచ్చా?" అని ఒకరంటారు. "మావాడు ఇంజనీరింగ్ చదివాడు, ఆ ఉద్యోగాలు వద్దంటున్నాడు, ఆసుపత్రి పని నేర్చుకుంటానంటున్నాడు, దారి ఉందా?" అని ఇంకొకరంటారు. దారి ఉంది. కాకపోతే అది చాలామంది అనుకునే చోట మొదలవదు.

మన దేశంలో నర్సింగ్ అడ్మిషన్ల దగ్గర మీ డిగ్రీ పట్టా ఎవరికీ అక్కర్లేదు. ఇంటర్మీడియట్ మెమో చూపించమంటారు. మూడేళ్ళో నాలుగేళ్ళో చదివి తెచ్చుకున్న పట్టా సంచిలోనే ఉండిపోతుంది. పదహారేళ్ళ వయసులో, పదో తరగతి ఫలితాలు వచ్చిన వారంలో, పక్కింటివాళ్ళు చెప్పారనో స్నేహితురాలు చేరిందనో తీసుకున్న గ్రూపు ఇప్పుడొచ్చి మీ సంగతి తేలుస్తుంది. కాబట్టి డిగ్రీ తర్వాత నర్సింగ్ అనుకునేవాళ్ళు మొదట వెతకాల్సింది ఆ పాత మెమో.

బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ చదువు. భారత నర్సింగ్ మండలి నియమాల ప్రకారం దీనికి ఇంటర్‌లో భౌతిక, రసాయన, జీవశాస్త్రాలతో పాటు ఇంగ్లీషు చదివి ఉండాలి. సైన్సు సబ్జెక్టుల్లో కలిపి 45 శాతం మార్కులుండాలి. అంటే బైపీసీ చదివినవాళ్ళకే ఈ దారి. ఎంపీసీ చదివి, ఆ తర్వాత కెమిస్ట్రీలో డిగ్రీ చేసి, ఎమ్మెస్సీ కూడా పూర్తిచేసినా, ఇంటర్‌లో జీవశాస్త్రం లేకపోతే బీఎస్సీ నర్సింగ్‌లో చోటు లేదు. అదే బైపీసీ చదివి, ఎంసెట్‌లో సీటు రాక, ఇష్టం లేకపోయినా బీఏ చేసిన అమ్మాయికి దారి తెరిచే ఉంటుంది.

రెండోది జీఎన్ఎం, అంటే జనరల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ. ఇది మూడేళ్ళ డిప్లొమా, చివరి ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. దీనికి ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫరవాలేదు. సీఈసీ కావచ్చు, హెచ్ఈసీ కావచ్చు, ఎంపీసీ కావచ్చు, 40 శాతం మార్కులు, అందులో ఇంగ్లీషు ఉంటే చాలు. సైన్సు చదివినవాళ్ళయితే మంచిదని మండలి అంటుంది, మిగిలినవాళ్ళను కాదనదు. వయసు 17 నుంచి 35 మధ్య ఉండాలి. బీకాం, బీఏ, బీటెక్ చదివిన వాళ్ళలో ఎక్కువమందికి మిగిలేది ఈ దారే. జీఎన్ఎం పూర్తయ్యాక ఇంకో రెండేళ్ళు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చదివితే నర్సింగ్‌లో డిగ్రీ కూడా చేతికొస్తుంది. మూడు, రెండు కలిపి ఐదేళ్ళు.

మూడోది ఏఎన్ఎం, రెండేళ్ళు. పల్లెల్లో పసిపిల్లలకు టీకాలు వేస్తూ, గర్భిణుల లెక్కలు రాస్తూ కనిపించే ఏఎన్ఎం అమ్మ చదివే చదువు అది. డిగ్రీ చదివి ఇందులో చేరేవాళ్ళు తక్కువే. ఊళ్ళోనే ఉండి ప్రజారోగ్యం పని చేయాలనుకునే వాళ్ళకు ఇదీ ఒక మార్గం.

ఇక వయసు లెక్క చూడండి. ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ పెట్టుకున్నవాళ్ళు ఇది కాగితం మీద వేసుకోవాలి. ఎయిమ్స్ ఆసుపత్రులన్నిటికీ కలిపి నర్సింగ్ ఆఫీసర్ల నియామకానికి నార్సెట్ అనే పరీక్ష ఉంది. కేంద్ర వేతన పట్టికలో ఏడో స్థాయి, మూలవేతనమే 44,900 రూపాయలు. అందుకే దానికి అంత పోటీ. దీనికి గరిష్ఠ వయసు 30 ఏళ్ళు. రిజర్వేషన్ వర్గాలకు సడలింపు ఉంటుంది. బీఎస్సీ నర్సింగ్ చదివితే నేరుగా రాయొచ్చు. జీఎన్ఎం వాళ్ళయితే కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ళ అనుభవం చూపించాలి. ఇప్పుడు లెక్క వేయండి. డిగ్రీ అయిన వెంటనే 21 ఏళ్ళకు జీఎన్ఎంలో చేరితే 24కి చదువు, 26కి అనుభవం పూర్తవుతాయి. పరీక్ష రాయడానికి ఇంకా నాలుగేళ్ళు చేతిలో ఉంటాయి. అదే ఐదేళ్ళు ఏదో ఉద్యోగం చేసి 26 ఏళ్ళకు చేరితే 29కి చదువు, 31కి అనుభవం. సడలింపు లేనివాళ్ళకు ఆ తలుపు అప్పటికే మూసుకుపోతుంది. ఇంకో మాట. ఎయిమ్స్ ప్రకటనల్లో ఈ పోస్టులు 80 శాతం మహిళలకు, 20 శాతం పురుషులకు. అబ్బాయిలు ఈ సంగతి తెలుసుకుని దిగాలి.

ఇదంతా విన్నాక ఎవరికైనా ఒక సందేహం రావాలి. డిగ్రీ చదివినవాళ్ళు టీచరు కావాలంటే రెండేళ్ళ బీఎడ్ ఉంది. లాయరు కావాలంటే మూడేళ్ళ లా ఉంది. ఎంబీఏకి, ఎంసీఏకి ఎలాగూ డిగ్రీయే అర్హత. మరి నర్సు కావాలంటే మాత్రం ఆ డిగ్రీ లేనట్టే, ఇంటర్ పిల్లల పక్కన మొదటి బెంచీ నుంచి ఎందుకు కూర్చోవాలి? మిగతా దేశాల్లోనూ ఇంతేనా?

కాదు. డిగ్రీ తర్వాత నర్సింగ్ చదువుకు అక్కడ నూరేళ్ళ చరిత్ర ఉంది. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తుండగా అమెరికాకు నర్సులు చాలలేదు. 1918 వేసవిలో న్యూయార్క్ రాష్ట్రంలోని వాసర్ కాలేజీలో ఒక శిక్షణ శిబిరం పెట్టారు. డిగ్రీ చదివిన అమ్మాయిలనే తీసుకున్నారు. నూటికి పైగా కాలేజీల నుంచి నాలుగు వందల మందికి పైగా వచ్చారు. సాహిత్యం చదివినవాళ్ళూ, చరిత్ర చదివినవాళ్ళూ మూడు నెలలపాటు శరీర నిర్మాణం, రసాయనం, సూక్ష్మజీవులు చదివి, ఆ తర్వాత ఆసుపత్రి శిక్షణకు వెళ్ళారు. ముందే డిగ్రీ ఉందని ఆ శిక్షణ కాలం తగ్గించారు. 1934కి యేల్ విశ్వవిద్యాలయం ఇంకో అడుగు వేసింది. నర్సింగ్‌లో చేరాలంటే అసలు ముందు ఏదో ఒక డిగ్రీ ఉండాల్సిందేనని నియమం పెట్టింది. 1971లో సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయం, వేరే డిగ్రీ ఉన్నవాళ్ళు వేగంగా బీఎస్సీ నర్సింగ్ పూర్తిచేసే కోర్సు మొదలుపెట్టింది. ఇప్పుడు అమెరికాలో ఈ తరహా కోర్సులు చాలా విశ్వవిద్యాలయాల్లో ఉన్నాయి. ఏడాది నుంచి ఏడాదిన్నరలో అయిపోతాయి. బ్రిటన్‌లో డిగ్రీ ఉన్నవాళ్ళకు మూడేళ్ళ చదువును రెండేళ్ళకు కుదించి పీజీ స్థాయిలో చెబుతారు.

అమెరికా కోర్సుల్లో కుదించింది దేన్ని అన్నది గమనించాలి. భాష, సామాజిక శాస్త్రాలు, ఇతర సబ్జెక్టులు ముందే చదివారు కాబట్టి అవి మళ్ళీ చదివించరు. మంచం పక్కన గడపాల్సిన గంటల్లో మాత్రం కోత లేదు. వేగంగా చదివే విద్యార్థి కూడా మిగతావాళ్ళు చేసినన్ని గంటలూ వార్డులో చేయాల్సిందే. పైగా చేరే ముందే అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ, స్టాటిస్టిక్స్ విడిగా పాసై రావాలి. చదువుతున్నంత కాలం ఉద్యోగం పెట్టుకోవద్దని చాలా కాలేజీలు ముందే చెబుతాయి. నాలుగేళ్ళ బరువును ఏడాదిన్నరలో మోయించే చదువు అది.

అలా వేరే చదువు నుంచి వచ్చినవాళ్ళ వల్ల వైద్యానికి ఏం ఒరిగింది అంటే సిసిలీ సాండర్స్ కథ ఒక్కటి చెబుతాను. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో రాజనీతి, తత్త్వశాస్త్రం, అర్థశాస్త్రం చదువుతోంది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. 1940లో ఆ చదువు మధ్యలో ఆపి లండన్ సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సింగ్‌లో చేరింది. ఫ్లారెన్స్ నైటింగేల్ 1860లో నర్సింగ్ స్కూలు పెట్టించిన ఆసుపత్రి అదే. శిక్షణ పూర్తిచేసింది కానీ నడుము నొప్పి వల్ల బరువులెత్తే ఆ పని సాగలేదు. ఆసుపత్రిలోనే సామాజిక కార్యకర్తగా మారింది. చివరి రోజుల్లో ఉన్న రోగుల బాధ దగ్గర నుంచి చూసింది. ఆ బాధ మీద పని చేయాలంటే డాక్టరు కావాలన్నారు. ముప్పై ఏళ్ళు దాటాక మెడిసిన్ చదివి 1957లో డాక్టరైంది. 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ స్థాపించింది. ఈనాడు పాలియేటివ్ కేర్ అని మనం పిలుస్తున్న వైద్యానికి ఆధునిక రూపం అక్కడే వచ్చింది. రోగి నొప్పి ఒంట్లోనే ఉండదు, మనసులో, ఇంటి పరిస్థితుల్లో, నమ్మకాల్లో కూడా ఉంటుందని ఆమె వాదించింది. రోగిని నర్సుగా, సామాజిక కార్యకర్తగా, డాక్టరుగా మూడు రకాలుగా చూసిన మనిషి కాబట్టే ఆమె ఆ మాట అంత గట్టిగా అనగలిగింది.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. భర్త ఉద్యోగంతో అమెరికా వెళ్ళి, ఇక్కడి బీటెక్‌తోనో ఎంసీఏతోనో ఇంట్లో ఉండిపోయిన తెలుగు ఆడపిల్లలు నర్సింగ్ వైపు ఆలోచిస్తున్నారు. హెచ్-4 వీసా మీద చదువుకోవచ్చు. కోర్సు పూర్తయ్యాక ఎన్‌క్లెక్స్ అనే లైసెన్సు పరీక్ష రాయాలి. కంప్యూటర్ మీద 85 నుంచి 150 ప్రశ్నలదాకా వస్తాయి. మీరు ఇచ్చే జవాబును బట్టి తర్వాతి ప్రశ్న మారుతుంటుంది. అక్కడిదాకా ఇబ్బంది లేదు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. చదవడానికి ఒప్పుకునే వీసా పని చేయడానికి ఒప్పుకోదు, విడిగా వర్క్ పర్మిట్ ఉండాలి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్-1బి సాధారణంగా రాదు. కాబట్టి అక్కడి పిల్లలు ఫీజు కట్టే ముందు వీసా సంగతి వకీలును అడగాలి. స్నేహితురాలు చేరిందని చేరకూడదు.

జర్మనీ పద్ధతి వేరు. అక్కడ నర్సింగ్ మూడేళ్ళ వృత్తి శిక్షణ. చదువుతుండగానే నెలనెలా భత్యం ఇస్తారు. అయితే జర్మన్ భాష గట్టిగా రావాలి. వంద మాటలు బట్టీపడితే సరిపోదు, రోగి మూలిగితే అర్థం కావాలి, కేస్ షీట్ రాయగలగాలి. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఈ దారిలో వెళ్ళేవాళ్ళకు సాయం చేస్తోంది. ఊరూపేరూ లేని ఏజెంటు దగ్గరికి వెళ్ళే ముందు అక్కడ అడగడం మంచిది.

సరే, చేరారనుకుందాం. పాత డిగ్రీ వార్డులో ఎందుకైనా పనికొస్తుందా? కొన్నిటికి బాగా పనికొస్తుంది. ఉదాహరణకు సెలైన్. అర లీటరు సీసా నాలుగు గంటల్లో ఎక్కించమని డాక్టరు రాస్తారు. ఆ సెట్టులో ఒక మిల్లీలీటరుకు 20 చుక్కలు పడతాయి. అంటే మొత్తం 10,000 చుక్కలు 240 నిమిషాల్లో పడాలి. నిమిషానికి సుమారు 42. లెక్కలంటే భయం లేనివాళ్ళు దీన్ని నిలబడ్డ చోటే తేలుస్తారు. ఇన్సులిన్ ఇంకా జాగ్రత్తగా చూడాల్సిన లెక్క. మన దగ్గర రెండు బలాల ఇన్సులిన్ దొరుకుతుంది, మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. దేని సిరంజి దానికే ఉంది, ఎర్ర మూత 40కి, నారింజ మూత 100కి. వంద బలం మందును ఎర్ర మూత సిరంజిలోకి 10 గీత దాకా లాగారంటే రోగి ఒంట్లోకి వెళ్ళేది 25 యూనిట్లు. షుగరు పడిపోయి మనిషి స్పృహ తప్పొచ్చు. ఖాతా పుస్తకాల్లో ఒక్క సున్నా తేడా వచ్చినా మళ్ళీ మొదటి నుంచి కూడిన బీకాం విద్యార్థికి, ప్రతి అంకెనూ రెండుసార్లు చూసే అలవాటు ముందే ఉంటుంది. సోషియాలజీ చదివినవాళ్ళు డిశ్చార్జి రోజున రోగి ఇంట్లో వండేదెవరో, మందు కొనేదెవరో అడిగి తెలుసుకుంటారు. కంప్యూటర్లు తెలిసినవాళ్ళు రికార్డుల పనిలో ముందుంటారు.

పనికిరానిదీ ఉంది. పట్టా ఎంత పెద్దదైనా చేతికి నరం దొరకదు. కాన్యులా వేయడం, మంచం మీద మనిషి ఉండగానే దుప్పటి మార్చడం, లేవలేని రోగిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, వీపు మీద పుండు మొదలైందేమో చూడడం, ఇవన్నీ చేసి చేసి నేర్చుకోవాల్సినవే. మలమూత్రాల లెక్క రాయడం కూడా చదువులో భాగమే. మరో ఇబ్బంది పైకి చెప్పుకోలేనిది. ఇరవై నాలుగేళ్ళ వయసులో పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చోవాలి. మీకంటే చిన్నమ్మాయి సీనియరైతే "అక్కా" అని పిలవాలి. హెడ్ నర్సు అందరి ముందూ కేకలేస్తే "సారీ సిస్టర్" అని మళ్ళీ చేయాలి. ఇంతకు ముందు ఆఫీసులో "మేడమ్" అనిపించుకున్నవాళ్ళకు మొదటి ఆరు నెలలూ ఇదే కష్టం. పాఠాలు అంత కష్టం కావు.

ఇంట్లో వచ్చే మాటలు వేరు. "ఇంత ఖర్చుపెట్టి ఇంజనీరింగ్ చదివించింది ఇందుకా?" అని నాన్నగారు అంటారు. "నైట్ డ్యూటీలంటే సంబంధాలెలా వస్తాయే?" అని అమ్మమ్మ అంటుంది. ఆ భయాన్ని వెక్కిరించనక్కర్లేదు. పరాయి మనుషుల ఒళ్ళు ముట్టుకునే పని అని మన సమాజం దీన్ని తరాలపాటు దూరం పెట్టింది. కలిగినవాళ్ళ ఇంటి బిడ్డ నైటింగేల్‌కు కూడా ఇంట్లో ఇదే వ్యతిరేకత ఎదురైంది. అయితే నాన్నగారికి బదులు చెప్పాలంటే ఆదర్శాలు చాలవు, జీతం లెక్క చెప్పాలి. అది కూడా దాచకుండా చెప్పాలి. ప్రభుత్వ ఉద్యోగమైతే బాగుంటుంది. ప్రైవేటులో పరిస్థితి వేరు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఏర్పడిన కమిటీ, 50 పడకల్లోపు ఆసుపత్రిలో కూడా నర్సుకు 20,000 రూపాయలకు తక్కువ ఇవ్వొద్దని, 200 పడకలు దాటిన చోట ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలని చెప్పింది. ఆ సిఫారసులు చాలా చోట్ల కాగితం మీదే ఉండిపోయాయి. కాబట్టి చేరబోయే చోట ఇప్పటికే పనిచేస్తున్న నర్సును జీతమెంతో, నెలకు నైట్ డ్యూటీలెన్నో అడగండి. నిజం వాళ్ళే చెబుతారు.

ఇక మోసాల సంగతి. నర్సింగ్ దూరవిద్యలో రాదు. ఇప్పటికే నర్సుగా పనిచేస్తున్నవాళ్ళకు పోస్ట్ బేసిక్ కోర్సు ఇగ్నో లాంటి చోట ఉండొచ్చు గానీ, కొత్తగా నర్సు కావడానికి ఇంట్లో కూర్చుని చదివే కోర్సు లేదు. "ఆరు నెలల్లో నర్సింగ్", "ఏడాదిలో నర్సింగ్, గ్యారంటీ ఉద్యోగం" అని బస్టాండు గోడల మీద అంటించే కాగితాలు చూస్తుంటాం. అక్కడ నేర్పేది సహాయకుల పని. అది చేసేవాళ్ళ కష్టాన్ని నేను తక్కువ చేయను, కానీ ఆ సర్టిఫికెట్టుతో రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ రాదు. రిజిస్ట్రేషన్ లేనిదే చట్టం ప్రకారం నర్సు కారు. ఫీజు కట్టే ముందు కాలేజీకి భారత నర్సింగ్ మండలి గుర్తింపు, రాష్ట్ర కౌన్సిల్ అనుమతి ఈ ఏడాదికి ఉన్నాయో లేదో చూడండి. విద్యార్థులను క్లినికల్స్‌కు ఏ ఆసుపత్రికి పంపుతారో అడిగి, వీలైతే ఆ ఆసుపత్రికి మీరే ఒకసారి వెళ్ళి చూడండి. పడకలు ఖాళీగా ఉన్న ఆసుపత్రిలో మీరు నేర్చుకునేదేమీ ఉండదు.

ఆసుపత్రి వాతావరణం ఇష్టమే గానీ రోగి మంచం దగ్గర పని తమవల్ల కాదనుకునే వాళ్ళు కూడా ఉంటారు. వాళ్ళు తమను తాము హింసించుకోవద్దు. ఆసుపత్రి పాలనలో పీజీ ఉంది, ప్రజారోగ్యంలో పీజీ ఉంది, సోషల్ వర్క్ ఉంది. వీటిలో చాలా కోర్సులకు ఏ డిగ్రీ అయినా చాలు. మీ పట్టాను లెక్కలోకి తీసుకునే చోట్లు ఇవి.

చివరగా ఒక అభిప్రాయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం లోకంలో 2 కోట్ల 98 లక్షల మంది నర్సులున్నారు. అయినా ఇంకా 58 లక్షల మంది కావాలి. మన దగ్గరేమో కోరి ఈ పనికి వస్తామంటున్న డిగ్రీ పిల్లలను వెనక్కి పంపి, పాత గ్రూపు చూపించమంటున్నాం. సైన్సు తెలియనివాళ్ళను అలాగే చేర్చుకోమని నేననను. వాసర్‌లో చేసినట్టు ముందు కొన్ని నెలలు సైన్సు చెప్పి, పరీక్ష పెట్టి, పాసైనవాళ్ళను తీసుకోవచ్చు. వార్డు గంటలు ఒక్కటి కూడా తగ్గించకుండా, మిగతా చదువును కుదించొచ్చు. పార్లమెంటు 2023లో కొత్త నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. 1947 నాటి చట్టాన్ని మార్చడానికి పూనుకున్నారు కాబట్టి, బీఎడ్‌లాగా నర్సింగ్‌కు కూడా డిగ్రీ తర్వాత ఒక దారి వేయమని అడగడానికి ఇదే సమయం. నర్సింగ్ ఉపాధ్యాయులు, నర్సుల సంఘాలు, తల్లిదండ్రులు అడగాలి.

ఆ దారి వచ్చేదాకా, ఈ పని మీద నిజంగా మనసున్నవాళ్ళు ఈ వారమే మూడు పనులు చేయండి. ఇంటర్ మెమో తీసి గ్రూపు, మార్కులు చూసుకోండి. చదువు ముగిసేనాటికి మీ వయసెంతవుతుందో కాగితం మీద లెక్క వేయండి. మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో బంధువులకు తోడుగా ఉండే అవకాశం వస్తే వదులుకోకండి, రాత్రి డ్యూటీ నర్సు ఎన్ని మంచాల దగ్గరికి ఎన్నిసార్లు వెళ్ళిందో గమనించండి. ఈ మూడూ చూశాక కూడా చేరాలనే ఉంటే, ఆలస్యమైందని భయపడకుండా దరఖాస్తు పెట్టండి.